దండెం మీద బాపు సూటు

మా ఇంట్లో అసలైన ఉన్ని బట్ట ఒక్కటే. అది మా బాపు సూటు. ముదురు బూడిద రంగు, రెండు వరుసల గుండీలు, వెడల్పాటి కాలరు, లోపల చెయ్యి పెడితే జారిపోయే నల్లటి అస్తరు. పెండ్లికి మానుకోటలో కుట్టించుకున్నాడు. మహబూబాబాద్‌ను మా ఇంట్లో ఇప్పటికీ మానుకోట అనే అంటాం. కుట్టిన దర్జీ లేడు. ఆ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సూటు మాత్రం పాత దుప్పటిలో చుట్టుకొని, డాంబర్ గోలీల వాసనలో, ఇనుప సందూకు అడుగున భద్రంగా ఉంది. దానికి మిగిలిన పని ఒక్కటే. బాపు పోయిన రోజు ఆయన ఒంటి మీదికి ఎక్కి, ఆయనతో పాటు మట్టిలోకి దిగడం.

జఫర్‌గఢ్ పక్కన మా ఊళ్లో, చర్చికి పోయే మా వాడకట్టులో ఇది వింతేమీ కాదు. వయసు మీద పడ్డవాళ్లు ఒక జత మంచి బట్టలు విడిగా తీసి పెట్టుకుంటారు. ఎవరైనా కన్ను మూస్తే ఇంటివాళ్లు మొదట చేసే పని ఆ జతను పెట్టెలోంచి తీసి, వాసన పోయేలా కాసేపు ఇంటి ముందు ఆరేయడం. మా అమ్మ తన పెండ్లినాటి తెల్లచీర దాచుకుంది. దాంట్లోనే పోయింది. ఆ రోజు బాపు ఏడవలేదు. కుచ్చిళ్లు సరిగ్గా రాలేదని చీర కట్టిన ఆడవాళ్లతో తగువు పెట్టుకొని మళ్లీ కట్టించాడు.

"ఆమె తెల్లచీరల పోయింది. నేను సూటుల పోవాలె," అనేవాడు తర్వాత. "పెండ్లినాడు ఎట్లుంటిమో గట్లనే కలుస్తం. లేకుంటే అంతమందిల నన్నెట్ల గుర్తువడ్తది?"

ఇందులో ఒక్క మాట కూడా నేను నమ్మను. జనగామలో కాలేజీ పిల్లలకు చదువు చెప్పి రిటైరైనవాణ్ణి. జీతం కోసం చెప్పిన పాఠాల కంటే సభల్లో ఉచితంగా చెప్పినవే ఎక్కువ. దయ్యం, దిష్టి, ముహూర్తం, వాస్తు, స్వస్థత కూటాలు, ఏదీ వదల్లేదు. చచ్చినవాడికి కప్పే బట్ట బతికినవాడికి కప్పమని ఎన్ని వేదికల మీద అరిచానో. నా శరీరాన్ని వైద్య విద్యార్థులకు రాసిచ్చాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను, మైకు పెట్టి.

బాపు సూటు మీద మాత్రం నా కలం ఎప్పుడూ లేవలేదు. ఎండాకాలం పెండ్లిలో సూటు బిగించుకొని చెమటలు కక్కే పెండ్లికొడుకుల మీద వ్యాసాలు రాశాను. తెల్లదొర పోయినా ఆయన వేషం పోలేదని వెక్కిరించాను. బాపు లెక్క వేరు. మా వాడకట్టు మగవాడు మోకాలు దిగేలా ధోవతి కడితే, ఎక్కడి నుంచి వచ్చింది ఇంత బట్ట అని ఊరి దొరలు ఆపి అడిగే కాలంలో పుట్టినవాడు ఆయన. బడిపంతులు అయ్యాక కూడా ఆయన పెండ్లి ఊరేగింపును పెద్దబజారు మీదుగా పోనివ్వలేదు. సూటు వేసుకున్న పెండ్లికొడుకు చేన్ల గట్ల మీద నుంచి చర్చికి నడిచాడు. ఆ బురద మరక ప్యాంటు అంచుకు ఇంకా ఉందని బాపు చూపిస్తాడు. నాకు కనబడదు. ఆయనకు కనబడుతుంది.

ఈసారి చలి ముందే దిగింది. డిసెంబరు సగం కాకముందే పొద్దున పూట ఎదురింటి గోడ కనబడనంత మంచు. బాపుకు దగ్గు పట్టుకుంది. దగ్గితే ఒళ్లంతా కదులుతుంది, ఆగినాక చాలాసేపు మాట రాదు. నా భార్య జనగామలో దవాఖానలో నర్సు. బస్సుకు పోతూ పోతూ రోజూ ఒకటే మాట చెప్పేది. "ఛాతి ఎచ్చగ ఉండాలె మామయ్యా. చలి తగిలితె మందులు ఏం జెయ్యయి."

ఛాతి వెచ్చగా ఉండడానికి ఏమున్నాయని ఇల్లంతా వెతికాను. గొంగడి కప్పితే గుచ్చుతుందంటాడు. మనవరాలు కొనిచ్చిన విండ్‌చీటర్ గరగరమంటుంది, అది వేసుకొని ప్రార్థన చేస్తే దేవుడికి ముందు ఆ చప్పుడే వినబడుతుందంటాడు. సభల్లో నాకు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. అన్నీ తీసి చూశాను. జరీ మెరుస్తుంది, బట్ట పలచన. అన్నేళ్ల సన్మానాలను కలిపి కప్పినా ముసలాయన వణుకు తగ్గలేదు.

ఇక మిగిలింది సందూకు.

"బాపు, ఇంట్ల ఉన్ని సూటు పెట్టుకొని ఇగానికి వణుకుడు ఏంది? తీసి ఏస్కో," అన్నాను ఒక పొద్దున.

"అది గిప్పటిది గాదు."

"సచ్చినోనికి చలి వెడ్తదా?"

"నీకెట్ల ఎరుక? సచ్చి చూసినవా?"

"అమ్మ నిన్ను సూటుల ఒక్కనాడు చూసింది. బనీను మీద బతుకంత చూసింది. ఆమె గుర్తువట్టాలంటే నువ్వు బనీను ఏస్కొనే పోవాలె."

నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అది తగ్గేదాకా వీపు నిమిరాను. వేళ్లకు ఎముకలే తగిలాయి.

"నువ్వు మాటల మొనగానివి," అన్నాడు ఊపిరి అందుకున్నాక. "నీతోని నేను గెలువ. ఒక్కటి అడుగుత, చెప్పు. నేను పోయినంక నన్ను దవాఖానకు ఇస్తవా?"

నేను మొదలుపెట్టాను. చదువుకునే పిల్లలకు దేహాలు దొరకడం లేదని, మట్టిలో కుళ్లే దానితో ఒక డాక్టరు తయారవుతాడని. నోటికి వచ్చిన పాఠం. నా చెవులకే విసుగ్గా ఉంది.

"నేనడిగింది గది గాదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు అర్థమైంది ఆయన సూటును ఎందుకు కాపలా కాస్తున్నాడో. ఇవాళ చలి అని కొడుకు సూటు తీయిస్తాడు. రెండు చలికాలాల్లో అది చినుగుతుంది. చినిగిన సూటు ఎందుకు, మట్టి ఎందుకు, ప్రార్థన ఎందుకు అని ఒక్కొక్కటే తీసేసి, చివరికి అమ్మ పక్కన ఉన్న జాగా ఖాళీగా వదిలేస్తాడు. కొడుకు గురించి ఆయన భయం ఇది. ఆ భయం ఉన్నంతకాలం సూటు సందూకులోనే ఉంటుంది, ఆయన దగ్గుతూనే ఉంటాడు. భయపడాల్సిన పని లేదు అని నేను చెప్పలేదు. ఏం చేస్తానో నాకే తెలియదు.

క్రిస్మస్ సెలవులకు నా బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది. పాత బట్టలంటే దానికి పిచ్చి. ఆదివారం పూట రోడ్డు పక్క కుప్పల్లో వెతికి ఎవరివో పాతకాలం కోట్లు కొనుక్కొని, వాటి కింద జీన్సు, బూట్లు వేసుకొని కాలేజీకి పోతుంది. తాత సూటు సంగతి తెలిసి సందూకు ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"తాతా, గీ చీకట్ల ఉంటే పురుగు తింటది. ఎండల ఏద్దామా?"

పురుగు అనేసరికి బాపు లేచి కూర్చున్నాడు. "పట్టిందా?"

"చూస్తెనే గద తెలిసేది."

"ఏస్తె ఏయి. మొత్తకుంట దులుపు."

వెనక పెరట్లో వేస్తుందనుకున్నాడు ఆయన. పెరట్లో ఆ వేళకు ఎండ రాదు. బిడ్డ దాన్ని తెచ్చి ఇంటి ముందు దండెం మీద వేసింది. కోటు ఒక హ్యాంగరుకు, ప్యాంటు పక్కన, రెండూ వీధికి ముఖం పెట్టి. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. తల ఎత్తి చూశాను కూడా. ఎండ బాగుంది, వాసన పోతుంది అనుకొని మళ్లీ పేపరులోకి పోయాను. ప్రపంచంలోని మూఢనమ్మకాలన్నీ వరుసగా అప్పజెప్పగలవాణ్ణి, మా వాడకట్టులో ఆ దండెం ఏం చెబుతుందో తట్టలేదు. బిడ్డకు తెలియదు, అది హాస్టళ్లలో పెరిగింది. నాకు తెలిసీ తట్టలేదు.

కాసేపటికి చర్చి గంట మోగింది. ఆరాధనకైతే గబగబా కొడతారు. ఇది ఒక దెబ్బ, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ.

కిటికీ పక్క కుర్చీలోంచి బాపు పిలిచాడు. "ఎవలో పోయిన్రు కొడుకా."

"ఎరుక లేదు బాపు."

"మొన్న ఆ కిందింటి ముసలామెకు బాగలేదన్నరు. పాపం. నా మంచి అంగి తియ్యి, పోయొద్దాం."

అంగీ కోసం లోపలికి పోయాను. అంతలో వాకిట్లో ఏడుపు వినిపించింది. మా చిన్నమ్మ. బాపు తమ్ముడి భార్య, రెండిళ్ల అవతల ఉంటుంది. కొంగు నడుముకు చుట్టి ఉంది, పత్తి ఏరడానికి పోతూ దారిలోంచి తిరిగి వచ్చినట్టుంది. కండ్లు మూసుకొని, రెండు చేతులు పైకి ఎత్తి లోపలికి వచ్చింది.

"ఓ బావా... ఒక్క మాట చెప్పకుంట పోతివా బావా... మొన్ననే చాయ్‌ల శక్కెర లేదని నన్ను తిడ్తివి గద బావా..."

"ఎవలే పోయింది?" అని బాపు అడిగాడు.

చిన్నమ్మ గొంతు సగంలో ఆగింది. కండ్లు తెరిచింది. కుర్చీలో ఉన్న మనిషిని పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వే," అంది.

"నేనా?"

"మరి సూటు దండెం మీద ఉన్నది గదా!"

బాపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండలో ఆయన పెండ్లి సూటు గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది. మనవరాలి వైపు చూశాడు. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికో భయానికో తెలియలేదు.

"పత్తి ఇడిసిపెట్టి ఉరికొస్తి," అని చిన్నమ్మ అందుకుంది. ఇప్పుడు గొంతులో ఏడుపు లేదు. "ఇయ్యాల కూలి పాయె, గొంతు పాయె. ఉన్న ఏడుపంత ఏడ్సేసిన బావా. రేపు నువ్వు నిజంగ పోయిననాడు నాకాడ కండ్లనీళ్లు ఉండయి, ముందే చెప్తున్న."

"గప్పుడు ఎవరినన్న కిరాయికి తెచ్చుకుంట తీ," అన్నాడు బాపు.

అప్పటికే వాకిలి నిండింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే గుమ్మం దగ్గర ఆగి, కుర్చీలోని మనిషిని చూసి, ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు. నా ఫోన్ ఆగలేదు. మొదట మా అక్క, మానుకోట నుంచి.

"తమ్మీ, బస్సు ఎక్కిన. నేనొచ్చేదాక మొకం కప్పకుండ్రి."

"బాపు ఉన్నడక్కా."

"ఉన్నడంటే? ఐసుపెట్టెల పెట్టిన్రా?"

చెప్పే ఓపిక లేక ఫోన్ బాపు చెవికి ఆనించాను. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అన్నాడు ఆయన. అటు నుంచి మొదట అరుపు, తర్వాత ఏడుపు, ఆ తర్వాత చాలాసేపు తిట్లు. ఆ తిట్లు నాకు చెందినవని బాపు ఫోన్ నా చేతికి ఇచ్చాడు. అది పెట్టేలోపు చిన్నమ్మ కొడుకు, భూపాలపల్లిలో బొగ్గుబావి పనిలో ఉన్నవాడు. తల్లి ఉరుకుతూ ఉరుకుతూనే ఫోన్ చేసినట్టుంది. "బయలెల్లిన అన్నా. మట్టి జర ఆపుండ్రి," అన్నాడు. వెనక బండి హారన్లు. నేను చెప్పింది వినబడకముందే ఫోన్ కట్టయింది.

ఇదంతా వాకిట్లో నవ్వుగా మారుతోంది. గేటు దగ్గరికి మాత్రం ఆ నవ్వు ఇంకా చేరలేదు. పాస్టర్ గారు అప్పుడే వచ్చి బైబిల్ చేతిలో పట్టుకొని అక్కడ నిలబడ్డారు. మంచి మనిషి, నాతో ఎప్పుడూ మర్యాదగానే ఉంటారు. పక్కనున్న పెద్దమనిషితో గొంతు తగ్గించి అంటున్నారు. కిటికీ పక్కనున్న మాకు ప్రతి మాటా వినబడింది.

"లోపలికి పోకముందే కొడుకును ఒక్కమాట అడుగుదాం. భూస్థాపన చదవనిస్తడా, లేకుంటే దవాఖాన బండి వస్తదా? తయారై పోతె మంచిది."

బాపు ముఖం మారింది. కిటికీ చువ్వ పట్టుకొని కొంచెం ముందుకు వంగాడు.

"అయ్యగారు, లోపలికి రాండ్రి. నేను పోలే. గని మీరు అడగాలనుకున్నది నేను గూడ అడిగిన. నాకు గూడ జవాబు రాలే."

పాస్టర్ గారి ముఖంలో మొదట బెదురు, తర్వాత సిగ్గు. వాకిట్లో నవ్వు ఆగిపోయింది. బాపు నా వైపు తిరిగాడు.

"చెప్పు కొడుకా. గింతమంది ఉన్నరు. నీకు సభ ఉంటెనే గద మాటలొచ్చేది."

అందులో ఎగతాళి ఉంది. అంతకంటే ఎక్కువగా భయం ఉంది. చువ్వ మీద వేళ్లు వణుకుతున్నాయి, చలికి కాదు.

వాదాలన్నీ నా దగ్గర ఉన్నాయి. దేవుడు లేడు అన్న వాదం ఉంది, ఆత్మ లేదు అన్న వాదం ఉంది, అవి ఇప్పటికీ నిజమే. కానీ వాటితో పాటు ఇంకొకటి కూడా నేను ఎన్నో ఏళ్లు వేదికల మీద చెప్పాను. మనిషి ఒళ్లు మనిషిది, దొరది కాదు, పూజారిది కాదు, కులానిది కాదు అని. నా ఒళ్లు చదువుకునే పిల్లలకు ఇవ్వాలని నేను నిర్ణయించుకున్నాను. తన ఒళ్లు అమ్మ పక్కన పెట్టాలని బాపు నిర్ణయించుకున్నాడు. నా మాటకు నిలబడాలంటే ఆయన మాటకు అడ్డం రాకూడదు. ఇంత చిన్న సంగతి ఎవరితోనో వాదించి గెలిచి తెలుసుకుంటాననుకున్నాను. ముసలాయన చేతివేళ్లు చూస్తే సరిపోయింది. అలసటగా అనిపించింది, పెద్ద బరువు దించాక వచ్చే అలసట, దించినందుకు సంతోషం కూడా లేని అలసట.

"సూటులనే పెడ్త బాపు," అన్నాను. "సమాధుల తోటలనే, అమ్మ పక్కకే. అయ్యగారు సదివేది సదువుతరు. నేను అడ్డం రాను."

"ఆడ నిలవడ్తవా, అవుతలికి పోతవా?"

"నిలవడ్త."

"ప్రార్థనల కండ్లు మూసుకోకున్న మంచిదే," అన్నాడు బాపు. "ఉంటె చాలు."

పాస్టర్ గారు బైబిల్ చంకలో పెట్టుకొని లోపలికి వచ్చారు. చిన్నమ్మ ముక్కు చీది, "చాయ్ పెడ్త, శక్కెర ఎక్కువేసి," అని వంటింట్లోకి పోయింది. అందరూ చాయ్ తాగి పోయారు. అక్క వచ్చి బాపు తలను ఒడిలో పెట్టుకొని మళ్లీ ఏడ్చింది. భూపాలపల్లి నుంచి వచ్చినవాడు గుమ్మంలో పెద్ద పూలదండతో నిలబడిపోయాడు.

"పూలు ఎవలకురా?" అన్నాడు బాపు.

వాడు దండను వెనక దాచబోయాడు. దాగే సైజు కాదు.

"పో, మీ పెద్దమ్మ సమాధి మీద ఏసి రా. ఆమె గూడ సంబురపడ్తది."

అంతా సద్దుమణిగాక నా బిడ్డ దండెం మీది సూటు తీసుకొని లోపలికి వచ్చింది. "తాతా, డాడీ మాటిచ్చిండు గదా. ఇప్పుడు ఇది నీకు సరిపోతదో లేదో చూద్దాం. పెట్టెల పడుకున్నంక లూజున్నదంటే ఎవలు కుడ్తరు?"

నేను ఇన్నాళ్లు తవ్వినా కదలని రాయి ఆ ఒక్క మాటకు కదిలింది. నేను ఆయన నమ్మకం తప్పని చెప్పి సూటు తొడగాలని చూశాను. నా బిడ్డ ఆయన నమ్మకంలోకే పోయి కూర్చొని, అక్కడి నుంచి చెయ్యి చాచింది. బాపు ఒక్క క్షణం ఆలోచించి రెండు చేతులు వెనక్కి పెట్టాడు.

కోటు ఆయన మీద నిలబడలేదు. భుజాలు కిందికి జారాయి, చేతులు వేళ్లను మింగేశాయి. పెండ్లినాటి మనిషిలో సగమే మిగిలి ఉన్నాడు. అద్దంలో చూసుకున్నాడు.

"గీంట్ల ఇంకో మనిషి పడ్తడు," అన్నాడు నీరసంగా. "మీ నాయినమ్మ చూస్తె నవ్వుతది."

"నింపుదాం తాతా."

మొదట ఒంటికి అతుక్కునే థర్మల్ బనీను వేసింది. దాని మీద తన హుడీ, మందపాటిది, ముదురాకుపచ్చ రంగు. దాని మీద కోటు. భుజాలు నిండాయి. కాలరు వెనక హుడీ టోపీ మెత్తగా ముడుచుకొని మెడను ఆనుకొని కూర్చుంది. కోటు చేతులను ఒక మడత పైకి తిప్పితే నల్లటి అస్తరు కనబడింది, దాని కింద హుడీ పట్టీ. ప్యాంటు నడుము నిలవదు కాబట్టి లోపల ట్రాక్ ప్యాంటు వేసి, మీద ప్యాంటు వేసి, పక్కల సూదితో రెండు టాకాలు వేసింది. పాదాల వాపుకు తోలు బూట్లు పట్టవు. గుడ్డబూట్లు, పట్టీ అంటించేవి, తొడిగింది. నెత్తి మీద ఉన్ని టోపీ.

బాపు మళ్లీ అద్దం వైపు తిరిగాడు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకొని నిలబడ్డాడు.

"తాతా, ఏమన్న మాట్లాడు."

"ఎచ్చగున్నది," అన్నాడు.

తీయమని ఎవరూ చెప్పలేదు, ఆయన తీయలేదు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన నా భార్య గుమ్మంలో ఆగి, "ఎవలు మామయ్యా, పెండ్లి చూపులకు వచ్చిన్రా?" అంది. అది గిప్పటిది గాదని ఆయన మళ్లీ అనలేదు. ఒకసారి నేనే అన్నాను, రోజూ వేస్తే మోచేతుల దగ్గర పలచన అవుతుందని. "కానియ్యి," అన్నాడు. "నువ్వు మాటిచ్చినవు. అతుకు ఏసైనా పెడ్తవు."

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం చర్చికి ఆ బట్టల్లోనే బయలుదేరాడు. పెద్దబజారు మీదుగా పోదామన్నాడు. బజారులో ఒక్కరూ ఆపలేదు, అడగలేదు. కిరాణా కొట్టు ముందు కుర్రాళ్లు తాతను చూసి బొటనవేలు ఎత్తారు. ఒకడు ఫోటో తీశాడు. నాకు కోపం రావాలో సంతోషించాలో తెలియలేదు. ఒక పెండ్లికొడుకు గట్ల మీదుగా నడిచి పోవాల్సిన ఊళ్లో ఇప్పుడు అదే సూటు వేషంలా, సరదాలా కనబడుతోంది. ఆయన అవేమీ చూడలేదు. కింద చూసుకుంటూ, పట్టీల బూట్లతో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ నడిచాడు. మధ్యలో దగ్గు రాలేదు.

వార్త జనగామ దాకా పోయింది. పాత మిత్రుడొకడు, నాతో పాటు సభలు తిరిగినవాడు, ఫోన్ చేశాడు. "ఏందన్నా, నీ ఇంట్లనే భూస్థాపన సదివిస్తవట? రేపు మేం ఎక్కడ మొకం పెట్టుకోవాలె?" ఒకప్పుడైతే ఆ ఒక్క ప్రశ్న మీద రాత్రంతా రాసి పంపేవాణ్ణి. "నా ఒంటి సంగతి నేను మార్చలేదు. బాపు ఒంటి సంగతి బాపును అడుగు," అని పెట్టేశాను. తర్వాత కాసేపు నాలో నేనే వాదించుకున్నాను. రెండు వైపులా నేనే మాట్లాడాను. ఏ వైపూ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అలసిపోయి లేచి బాపుకు వేడినీళ్లు కాచాను.

సంక్రాంతి పోయినా చలి పోలేదు. బిడ్డ హైదరాబాద్‌కు తిరిగి వెళ్లింది, హుడీని తాతకే వదిలేసింది. పొద్దున్నే ఆ బట్టలన్నీ వరుసగా తొడిగే పని ఇప్పుడు నాది. బనీను, టోపీ అంగీ, కోటు. హుడీని బాపు టోపీ అంగీ అంటాడు. ఒక పొద్దున అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి కోటు గుండీలు పెడుతుంటే అడిగాడు.

"కొడుకా, నువ్విచ్చిన మాట సూటుకేనా? లోపలి టోపీ అంగీకి గూడనా?"

"అదెందుకు బాపు?"

"మట్టి సల్లగుంటది."

చచ్చిన దేహానికి చల్లదనం తెలియదు. ఆ వాక్యం నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పండ్ల దాకా వచ్చింది. ఆయన నా ముఖమే చూస్తున్నాడు. ముక్కు కొస ఎర్రగా ఉంది.

"అంగీతోనే పెడ్త," అన్నాను.

"టోపీ మాత్రం ఎనుకకు ఎయ్యాలె. మొకం కప్పితె మీ అమ్మ పోల్చదు."

"ఎనుకకే ఏస్త బాపు."

పై గుండీ కోసం గడ్డం ఎత్తి పట్టుకున్నాడు. పాత కాజా, లోపల అంత మందం ఉంటే బిగుసుకుంటుంది. నా వేళ్లు కొంకర్లు పోయి జారిపోయాయి. ఆయన అలాగే, గడ్డం దించకుండా, గుండీ పట్టేదాకా ఆగాడు.